పొలం అమ్మి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామంటున్నారు. ఏ మాటతో మొదలుపెట్టాలి?

భవిత టీచర్, పత్తికొండ వైపు

అందరికీ నమస్కారం. పత్తికొండ వైపు ఒక మండలంలో భవిత కేంద్రంలో ఐఈఆర్పీగా, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే టీచర్‌గా, తొమ్మిదేళ్ల నుంచి చేస్తున్నాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పదకొండు మంది పిల్లల్లో నలుగురికి ఆటిజం. వాళ్లలో ఒక పిల్లోడి సంగతి నన్ను నిద్రపోనీయడం లేదు.

వాడికి ఐదున్నరేళ్లు. మాట రాలేదు. నీళ్లు కావాలంటే వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని బిందె దాకా లాక్కుపోతాడు. నాయనకు బోరు కింద రెండెకరాలు, టమోటా వేస్తాడు. ధర పడిపోయి కాయలు మార్కెట్ బయట పారబోసి వచ్చిన రోజు కూడా బిడ్డను బండి మీద తెచ్చి కేంద్రంలో దింపిన మనిషి. పోయిన నెల వాళ్లమ్మ ఫోన్లో ఒక వీడియో చూపించింది. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే ఆటిజం తగ్గుతుందంట, మూడు విడతలంట, విడతకు రెండు లక్షలంట. అర ఎకరం బేరానికి పెట్టినారు.

నేను తొందరపడినాను. "అదంతా మోసమమ్మా, పనిచెయ్యదు" అనేసినాను. ఆమె ఫోన్ పక్కన పెట్టి, "నీ బిడ్డయితే ఊరికే కూచుంటావా మేడం?" అని ఒక్క మాట అని లేచిపోయింది. పద్దెనిమిది రోజులైంది, పిల్లోన్ని తీసుకురాలేదు.

ఆధారాలు నా దగ్గర లేక కాదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఉన్నాయి: కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప, మిగతా వాటికి స్టెమ్ సెల్స్ వాడాలంటే అనుమతి తీసుకున్న పరిశోధనలోనే వాడాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. 2022లో జాతీయ వైద్య కమిషన్ కమిటీ కూడా ఆటిజానికి ఇవి సిఫారసు చెయ్యలేమని చెప్పింది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు బొడ్డుతాడు రక్తంతో 180 మంది పిల్లల మీద చేసిన పరీక్ష 2020లో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే, అసలు కణాలు ఎక్కించినవాళ్లకూ ఉత్తుత్తి ద్రవం ఎక్కించినవాళ్లకూ నలుగురితో కలవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇవన్నీ ప్రింట్ తీసి పెట్టుకున్నాను. ఆ తల్లి ముందు ఇవి చదివితే ఏం లాభం?

ఇంకొకటి. ఈ నెలాఖరులో స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్ రోజు మధ్యాహ్నం నాకు గంటసేపు ఇచ్చినారు. తల్లిదండ్రులు, క్లాస్ టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పీహెచ్‌సీ డాక్టర్ వస్తారు. ఒక్కొక్కరిది ఒక్కో నమ్మకం. టీవీ, ఫోన్ చూపించి తల్లే చెడగొట్టిందని అంగన్‌వాడీ ఆయమ్మ అంటుంది. కావాల్సింది చూపించి అడిగేదానికి బొమ్మల కార్డులు ఇస్తే పిల్లోడు ఇక నోరే తెరవడని ఒకటో తరగతి సార్ అంటాడు. మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు, చూద్దాం అని డాక్టర్ గారు అంటారు. వీళ్లందరికీ ఒకే గంటలో ఏ వరసలో చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఆ బిడ్డ తిరిగి రావాలి నాకు.

అనంతపురం అమ్మ

మేడం, ఎనిమిదేళ్ల కిందట మీ ఎదురుగా కూర్చున్న ఆ తల్లిని నేనే అనుకోండి. మా వాడికి ఇప్పుడు పదకొండు. సాయినగర్‌లో ఉంటాం, నేను ఆఫీసుకు పోతాను, ఇంట్లో మా అత్త చూసుకుంటుంది.

మొదట ఆమెకు ఏం వినబడిందో చెప్తాను. మీరు "అది పనిచెయ్యదు" అన్నారు. ఆమెకు "నీ బిడ్డకు దారి లేదు" అని వినబడింది. మాకు డాక్టర్ ఆ పేరు చెప్పిన రోజు బెంగళూరు నుంచి బస్సులో తిరిగి వస్తూ, హిందూపురం దాటేలోపు నేను ఫోన్లో పదిహేను వైద్యాలు చూసినాను. ప్రతిదాంట్లోనూ ఎవరో ఒక తల్లి "మా బాబు మాట్లాడినాడు" అని ఏడుస్తూ చెప్తాంటుంది. ఎవరూ నా మీద అరవకుండా, ఏదో ఒకటి చెయ్యమని చెప్పింది ఆ వీడియోలే.

మేము మొదట పట్టుకున్నది ఆహారం. గోధుమ, పాలు మానెయ్యాలని ఒక క్లినిక్‌లో చెప్పి, వాళ్ల దగ్గరే పిండి ప్యాకెట్లు కొనిపించినారు. నెలకు నాలుగు వేల పైనే అయ్యేది. మా అత్త ఆ ప్యాకెట్ చేతిలో తిప్పి చూసి, "జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి తినే ఇంట్లో గోధుమ యాడుంది అమ్మా, ఇది కొనేదానికి?" అనింది. నిజమే కదా. మా ఇంట్లో పెరుగు, పాలు మాత్రమే మానాల్సి వచ్చింది. వాడికి పెరుగన్నం ప్రాణం. రోజూ గిన్నె చూపించి ఏడ్చేవాడు.

రెండు నెలలకు వాడు నన్ను చూసి నవ్వడం పెరిగింది. ఆహారం వల్లేనని అందరికీ చెప్పినాను, తెలిసిన ఇద్దరు తల్లుల చేత కూడా మాన్పించినాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మా పిల్లల డాక్టర్ నన్ను తిట్టలేదు. రెండు కథలు చెప్పినాడు. ఒకటి సెక్రెటిన్ ది. పేగుల్లో ఊరే ఒక హార్మోన్ అది. 1998లో దాన్ని ఇచ్చిన ముగ్గురు పిల్లలు మెరుగయ్యారని ఒక వ్యాసం వచ్చింది, టీవీలో చూపించినారు, వేల కుటుంబాలు దాని వెంట పడినాయి. మరుసటి ఏడాది 60 మంది పిల్లల మీద పరీక్ష పెట్టినారు. సగం మందికి సెక్రెటిన్, సగం మందికి ఉప్పునీళ్లు. ఎవరికి ఏది ఇచ్చినారో తల్లిదండ్రులకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. రెండు గుంపుల్లోనూ పిల్లలు మెరుగైనట్టే కనబడినారు. ఉప్పునీళ్ల వాళ్లు కూడా! ఫలితం చెప్పిన తర్వాత కూడా నూటికి 69 మంది తల్లిదండ్రులు ఆ మందు మీద ఇంకా ఆసక్తి ఉందన్నారు. అది విని నేను ఏడ్చేసినాను మేడం, ఎందుకంటే ఆ 69లో నేనూ ఉండేదాన్ని.

రెండోది మా ఆహారం గురించే. అమెరికాలో రోచెస్టర్‌లో 14 మంది పిల్లలకు గోధుమా పాలూ మాన్పించి, ఆ తర్వాత ఎవరికీ తెలియకుండా చిరుతిండిలో కలిపి ఇచ్చి చూసినారు, 2016లో వచ్చింది. నిద్రలో గానీ, విరేచనాల్లో గానీ, ప్రవర్తనలో గానీ తేడా కనబడలేదు. చిన్న పరీక్షే. అయినా ఆయన ఇంకో మాట అన్నాడు: "మీ వాడి సంగతి మీ ఇంట్లోనే చూసుకోవచ్చు కదమ్మా?" పాలు పడకపోవడం లాంటిది ఏమీ లేదని ముందే పరీక్షించి చెప్పినాడు.

మేము చూసినాం. పొద్దున రాగిజావ మా అత్త కాస్తుంది. ఒక వారం ఆవుపాలతో, ఒక వారం కొబ్బరిపాలతో, బెల్లం ఎక్కువేసి. ఏ వారం ఏదో ఆమె ఇష్టం. వంటింటి క్యాలెండర్ వెనక గుర్తు పెట్టుకునేది, నాకు చెప్పేది కాదు. స్కూల్ టీచర్‌కూ తెలియదు. నేను సాయంత్రం, టీచర్ మధ్యాహ్నం, పది నిమిషాల్లో వాడు ఎన్నిసార్లు కళ్లెత్తి చూసినాడు, ఎన్నిసార్లు కోపమొచ్చి చేతులు కొరుక్కున్నాడు, రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు అని రాసినాం. ఎనిమిది వారాలు. తొమ్మిదో ఆదివారం ముగ్గురం కూర్చుని క్యాలెండర్ తిప్పినాం. ఏ వారానికీ ఏ అంకెకూ పొంతన లేదు. వాడు ఎక్కువగా కలత పడిన రెండు వారాలూ స్కూల్లో టీచర్ సెలవు పెట్టిన వారాలు.

ఆ మధ్యాహ్నం వాడికి పెరుగన్నం కలిపి పెట్టినాను. గిన్నె నాకి పెట్టినాడు.

కాబట్టి నా మాట వినండి. మీటింగ్‌కు ముందే ఒకసారి వాళ్లింటికి పోండి, కాగితాలు తీసుకుపోవద్దు. "ఏం మారితే చాలనుకుంటున్నారమ్మా?" అని అడిగి, వాళ్లు చెప్పింది రాసుకోండి. ఆ నాయన రైతు కదా. ఆయన్ను అడగండి: రెండు సాళ్లకు కొత్త మందు కొట్టి, రెండు సాళ్లకు వట్టి నీళ్లు కొట్టినారు, నాలుగు సాళ్లలోనూ కాపు ఒకే మాదిరి వచ్చింది, ఆ మందుకు డబ్బు పెడతారా అని. వాన అన్నిటికీ పడింది, ఎండ అన్నిటికీ కాసింది. పిల్లలు కూడా అంతే కదా, ఏ వైద్యం లేకపోయినా ఏడాదికి ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటారు. మనం ఎక్కువ భయపడిన నెలలోనే వైద్యానికి పరుగెత్తుతాం, ఆ తర్వాతి నెల కొంచెం నెమ్మదించితే అది వైద్యం ఖాతాలో రాస్తాం.

డోన్ నాన్న

అక్కా, మీరు రాసింది మొత్తం చదివినాను. కానీ కొంచెం నొచ్చుకున్నాను. మా పాపకు ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పట్టే చాంబర్‌లో నలభై సిట్టింగులు చేయించినాం, అప్పు చేసి. ఆ తర్వాతే పాప "నానా" అనింది. మీ పరీక్షలు మీవి. నా బిడ్డ గొంతు నేను విన్నాను. అందరూ మోసపోయినారు అన్నట్టు రాస్తే మా లాంటోళ్లం యాడ పోవాల?

అనంతపురం అమ్మ

తమ్ముడూ, పాప "నానా" అనింది నిజం. దాన్ని ఎవరూ తీసెయ్యలేరు, తీసెయ్యకూడదు. ఆ నలభై రోజులు పాపను ఎత్తుకుని పోయింది నువ్వు, దారంతా మాట్లాడింది నువ్వు, లోపల పక్కన కూర్చుంది నువ్వు. ఆ మాట నీ పేరే అయింది చూడు. థాయిలాండ్‌లో 60 మంది పిల్లలకు ఇరవై సిట్టింగులు చేసినారు, 2012లో వచ్చింది. సగం మందికి అసలు ఆక్సిజన్, సగం మందికి ఉత్తుత్తి గాలి. రెండు గుంపుల పిల్లలూ మెరుగైనారు, రెంటికీ తేడా లేదు. కొందరికి చెవుల్లో ఒత్తిడి దెబ్బ తగిలింది కూడా. నిన్ను తప్పు పట్టడానికి కాదు ఇది రాసింది. ఇంకో నలభైకి అప్పు చెయ్యబోతున్నావేమోనని.

కడప పిల్లల డాక్టర్

టీచరమ్మా, మీ పీహెచ్‌సీ డాక్టర్ తరఫున కొంచెం, ఆయనకు ఎదురుగా కొంచెం మాట్లాడతాను. ఓపీలో ఒక బిడ్డకు నాకు దొరికేది నాలుగైదు నిమిషాలు. ఎమ్‌బీబీఎస్‌లో నేను ఆటిజం గురించి చదివింది ఒక పేజీ దాటదు. "చూద్దాం" అన్న మాట నేనూ చాలా ఏళ్లు అన్నాను. అది తప్పు. నా దగ్గర "చూద్దాం" విని మూడేళ్ల తర్వాత వచ్చిన బిడ్డలు ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు, వాళ్ల తల్లుల ముఖం చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

ఆయనకు ప్రింట్లు ఇవ్వొద్దు, ఒక్క కాగితం ఇవ్వండి. అందులో ఆయన రేపు పొద్దున వాడగలిగినవే ఉండాలి. మాట రాని ప్రతి బిడ్డకూ ముందు చెవి పరీక్ష. 16 నుంచి 30 నెలల వయసులో అయితే ఆటిజం అనుమానం ఉందో లేదో తెలిపే ఎమ్-చాట్ ఇరవై ప్రశ్నలు, తల్లి కూర్చునే నింపుతుంది. పెద్ద పిల్లలకు ఐఎస్ఏఏ, మన దేశంలోనే తయారైన స్కేల్, నలభై అంశాలు, మార్కులు 70 గానీ అంతకు పైన గానీ వస్తే ఆటిజం కింద లెక్క, వికలాంగ సర్టిఫికెట్‌కు అదే వాడతారు. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) కింద జిల్లా కేంద్రానికి రాసి పంపే చీటీ. మందుల గురించి రెండే వాక్యాలు: ఆటిజం మూల లక్షణాలకు మందు లేదు, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివి తీవ్రమైన కోపం, తనను తాను కొట్టుకోవడం ఉన్నప్పుడు నిపుణుల పర్యవేక్షణలో, బరువు చూసుకుంటూ. సర్టిఫికెట్ చేతికొచ్చిన కుటుంబాలకు నిరామయ ఆరోగ్య బీమా గురించి కూడా చెప్పండి, ఏడాదికి లక్ష వరకు, ఆటిజం అందులో ఉంది.

ఇక తల్లిదండ్రులకు "వద్దు" అని చెప్పి ఆగిపోతే ఆ ఖాళీలోకి వీడియో వస్తుంది. ఏం చెయ్యొచ్చో అదే రోజు చేతిలో పెట్టాలి. దీనికి మన దగ్గరి ఆధారమే ఉంది. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ కలిపి 65 మంది పిల్లలతో ఒక పరీక్ష చేసినారు, 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. నేర్పింది డాక్టర్లు కాదు, శిక్షణ తీసుకున్న మామూలు ఆరోగ్య కార్యకర్తలు. ఆరు నెలల్లో పన్నెండు సార్లు కలిసి, తల్లి బిడ్డతో ఆడుకునేది వీడియో తీసి, ఆ వీడియోనే తల్లికి చూపించి, "ఇక్కడ చూడమ్మా, వాడు చూసింది, నువ్వు ఆగింది" అని చెప్పడం. తల్లులు బిడ్డ ఏం చేస్తే దాని వెంటే పోయి ఆడించడం బాగా పెరిగింది, బిడ్డలు తమంతట తాము మొదలుపెట్టి పలకరించడం పెరిగింది. ఒక కొలతలో మాత్రం ఫలితం ఎదురుగా వచ్చింది, ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద ధ్యాస పెట్టడం తగ్గింది. ఆ సంగతి కూడా వాళ్లు దాచకుండా రాసినారు. నేను దాన్ని నమ్మడానికి అదొక కారణం. జబ్బు నయమైపోతుందని వాళ్లు అనలేదు, మీరూ అనొద్దు.

ఒకటో తరగతి సార్‌కు: బొమ్మల కార్డులు మాటను ఆపవు. 2006లో పాత పరిశోధనలన్నీ ఏరి చూసినారు. గట్టిగా నిలబడే వాటిలో ఉన్న 27 మందిలో ఒక్కరికీ మాట తగ్గలేదు, ఎక్కువ మందికి కొంచెమైనా పెరిగింది. చెప్పడం కంటే ఆయన చేతనే రెండు వారాలు లెక్క రాయించండి.

అంగన్‌వాడీ ఆయమ్మకు పక్కకు పిలిచి చెప్పండి, అందరిలో కాదు. తల్లి వల్ల ఆటిజం రాదు. తట్టు టీకా (ఎంఎంఆర్) వల్ల ఆటిజం వస్తుందని ఎవరైనా అంటే: ఆ భయం పుట్టించిన, 1998లో 12 మంది పిల్లలతో రాసిన వ్యాసాన్ని 2010లో పత్రిక వెనక్కి తీసుకుంది, రాసినాయన డాక్టర్ రిజిస్ట్రేషన్ పోయింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల్ని చూసి 2019లో సంబంధం లేదని తేల్చినారు. తట్టు మన జిల్లాల్లో ఇంకా వస్తానే ఉంది.

డోన్ నాన్న గారికి: ఆ చాంబర్లలో నిప్పు ప్రమాదం ఉంటుంది. 2025 జనవరిలో అమెరికాలోని మిషిగన్‌లో ఐదేళ్ల బిడ్డ అట్లా చనిపోయినాడు. ఆటిజానికి దాన్ని నేను ఏ బిడ్డకూ రాయను. పాపను ఒకసారి కడపకు తీసుకురండి, ఫీజు గురించి ఆలోచించొద్దు. మాట వచ్చింది కదా, దాన్ని పెంచే పని చూద్దాం.

డోన్ నాన్న

వస్తాను సార్. అక్కా, కోపంగా రాసినందుకు ఏమీ అనుకోవద్దు.

భవిత టీచర్, పత్తికొండ వైపు

ఆలస్యంగా రాస్తున్నాను, మీటింగ్ అయిపోయింది.

అక్క చెప్పినట్టే ముందు ఇంటికి పోయినాను. చేతిలో ఏమీ లేదు. నాయన వసారాలో టమోటా ట్రేలు సర్దుతున్నాడు. నేను మొదట క్షమించమని అడిగినాను. తర్వాత ఏం మారితే చాలని అడిగితే, వాళ్లమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "నొప్పి యాడుందో చెప్తే చాలు మేడం" అనింది. పోయిన వేసవిలో చెవిలో చీము పట్టి మూడు రోజులు తల గోడకేసి కొట్టుకున్నాడంట, వీళ్లకు అర్థం కాలేదంట. తొమ్మిదేళ్ల సర్వీసులో ఆ ప్రశ్న నేను ఏ తల్లినీ అడగలేదు.

మీటింగ్‌లో కాగితాలు ఒక్క డాక్టర్ గారికే ఇచ్చినాను, ఒక్క పేజీ. ఆయన అక్కడే చదివి, చెవి పరీక్షకు ముగ్గురు పిల్లల పేర్లు రాసుకున్నాడు. సాళ్ల సంగతి నేను మొదలుపెట్టినాను గానీ ముగించింది ఆ నాయనే. "నీళ్లు కొట్టిన సాలూ మందు కొట్టిన సాలూ ఒకే తీరుగా కాస్తే, ఆ షాపు గడప తొక్కను" అన్నాడు. అని కొంతసేపు కింద చూస్తూ కూర్చున్నాడు. నేనేమీ కలిపి చెప్పలేదు.

అందరూ మారిపోలేదు. అంగన్‌వాడీ ఆయమ్మ ఫోన్ మాట మళ్లీ ఎత్తింది. ఒకటో తరగతి సార్ మాత్రం రెండు వారాలు రాస్తానని నోట్‌బుక్ తీసుకున్నాడు.

పొలం బేరం పూర్తిగా విడిచిపెట్టలేదు, ఈ కాపు అయ్యేదాకా ఆపినామని చెప్పినారు. నేను ఇంక దాని గురించి ఎత్తడం లేదు. పిల్లోడు సోమవారం నుంచి వస్తున్నాడు. వాడికి మూడు బొమ్మలు చేసినాం: నీళ్ల చెంబు, అన్నం గిన్నె, చెవి పట్టుకున్న పిల్లోడు. వాళ్లమ్మకు రాయడం అంతంత మాత్రం, అందుకని గీతలు గీస్తుంది. నిన్నటి పేజీలో చెయ్యి పట్టి లాగినందుకు ఆరు గీతలు, నీళ్ల బొమ్మ తెచ్చి ఇచ్చినందుకు రెండు. చెవి బొమ్మ కింద ఇంకా ఏమీ లేదు. దాన్ని దిండు పక్కన పెట్టి పడుకోబెడుతున్నానని చెప్పింది.